శనివారానికి తిరుగు టికెట్టు

‘‘ఆదివారం ఫైనల్ పెట్టుకోని శనివారానికి తిరుగు టికెట్టు తీసినావేందిరా?’’

బ్యాంకాక్ బయల్దేరే ముందు ప్రొద్దుటూరులో మా డ్రిల్లు సారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. ‘‘మనోళ్లు క్వార్టర్స్ దాటితే అదే గొప్ప సార్. దానికోసం ఇంకో రెండ్రోజులు హోటలు ఖర్చెందుకని...’’ అన్నాను. సారు ఇంకేమీ అనలేదు. టికెట్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నారు.

2022 మే నెల సంగతి ఇది. ఆ నెల 8 నుంచి 15 దాకా బ్యాంకాక్‌లో థామస్ కప్, ఉబెర్ కప్ పోటీలు జరిగాయి. క్రికెట్‌కు ప్రపంచకప్పు ఎలాగో పురుషుల బ్యాడ్మింటన్ జట్లకు థామస్ కప్ అలాగ. 1949లో మొదలైంది. రెండు దేశాలు తలపడితే మూడు సింగిల్స్, రెండు డబుల్స్... మొత్తం అయిదు మ్యాచ్‌లు. ముందు మూడు గెలిచినవాళ్లది విజయం. అప్పటికి డెబ్బై మూడేళ్లలో ఆ కప్పును అందుకున్నవి అయిదే దేశాలు: ఇండోనేషియా, చైనా, మలేషియా, జపాన్, డెన్మార్క్. ఒక్క ఇండోనేషియానే 14సార్లు ఎగరేసుకుపోయింది. మన జట్టు చివరిసారిగా సెమీఫైనల్ ముఖం చూసింది 1979లో. లెక్కలన్నీ నా శనివారం టికెట్టు వైపే ఉన్నాయి మరి!

ఆరోవాడు

ఇంతకీ సారు గురించి చెప్పాలి. ప్రొద్దుటూరు దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆయన వ్యాయామోపాధ్యాయులు. మాకు నేర్పింది షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. తంజావూరులో పుట్టిన ఆట అది. పసుపుపచ్చ ఉన్ని బంతి, కర్ర రాకెట్, పక్కకు అయిదుగురు. ఎర్రమట్టి పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి, సున్నంతో గీతలు గీస్తే కోర్టు తయారు. తెలుగునాట ఒకప్పుడు ప్రతి హైస్కూలులోనూ ఉండేదీ ఆట. వరంగల్‌కు చెందిన జమ్మలమడక పిచ్చయ్యకు 1970లో అర్జున అవార్డు వచ్చింది ఇందులోనే.

కర్నూలు, కడప జిల్లాల్లో ఈ ఆటే ఎందుకు పాతుకుపోయిందో సారు ఒక్క ముక్కలో చెప్పేవారు- ‘‘గాలి’’ అని. ఉన్ని బంతి బరువు 27 నుంచి 30 గ్రాములు. షటిల్ బరువు అయిదు గ్రాములకు అటూ ఇటూ. ఆషాఢం గాలికి మా ఊళ్లో ఇంటికప్పుల మీది రేకులే లేచిపోతాయి, ఈకల షటిల్ ఏపాటిది! ఇండోర్ స్టేడియం ఉన్న కర్నూలు, కడప పట్టణాల పిల్లలకు షటిల్, మాలాంటి పల్లెటూరి పిల్లలకు ఉన్ని బంతి. అలా రాసిపెట్టి ఉండేది.

నేను ఆ జట్టులో ఆరోవాణ్ని. అంటే రిజర్వు. 1986లో జమ్మలమడుగులో పోటీలకు వెళితే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సంచులకూ నీళ్ల కూజాకూ కాపలా కాశాను. మా బడి గెలిచింది. ఫోటో తీసేటప్పుడు నేను లేను. కప్పు పట్టుకున్న అయిదుగురు పిల్లలూ సారూ ఉన్న ఆ ఫోటో చాలా ఏళ్లు హెడ్మాస్టరు గదిలో వేలాడింది. నేను ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ అది చూడకుండా రావడం అలవాటు చేసుకున్నాను.

2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అంతకుముందు ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ప్రకాశ్ పదుకొనే ఒక్కడే, అదీ 1980లో. మర్నాడు సోమవారం పేపర్లో మొదటి పేజీ ఫోటో చూసి మా సారు ప్రొద్దుటూరు వెళ్లి ఒక ప్లాస్టిక్ షటిళ్ల డబ్బా, నాలుగు రాకెట్లు కొనుక్కొచ్చారు. బాల్ బ్యాడ్మింటన్ కోర్టుకు అడ్డంగా వలకట్టి పిల్లల చేత ఆడించారు. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉన్నంతసేపే ఆట. ఎండ పొడిచాక ఒక షటిల్ చింతచెట్టు మీద, ఒకటి పక్క చేనులో! అయినా ఆయన మానలేదు. 2009లో రిటైరయ్యేదాకా పొద్దున్నే అయిదింటికి ఆ వల కడుతూనే ఉన్నారు.

అదే ఏడు ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ హైదరాబాద్‌లో, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగాయి. కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. నేను వెళ్లాను. సైనా నెహ్వాల్‌ను క్వార్టర్స్‌లో చైనా అమ్మాయి వాంగ్ లిన్ ఓడించడం కళ్లారా చూశాను. సారును రమ్మంటే ‘‘టీవీలో వస్తుంది లేరా’’ అన్నారు. ఆ తర్వాత పన్నెండేళ్లలో పి.వి.సింధు రెండు ఒలింపిక్ పతకాలు, ప్రపంచ టైటిల్ తెచ్చింది. గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్ 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని వెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లాడు. వీటన్నింటినీ సారు టీవీలోనే చూశారు. డెబ్బై ఒకటో ఏట, కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక, ఒకరోజు ఫోన్ చేసి ‘‘టీవీలో ఎత్తు తెలీడం లేదురా. షటిల్ ఎంత పైకి పోతాందో ఒక్కసారి కంటితో చూడాల’’ అన్నారు. ఇక ఆగుతామా?

సంచిలో కడక్ రొట్టెలు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా, ఎడమవైపు నల్లమల కొండలు తోడురాగా ప్రొద్దుటూరు చేరి సారును ఎక్కించుకున్నాను. అమ్మగారు కట్టి ఇచ్చిన సంచిలో జొన్న కడక్ రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఓ డజను బేనిషా మామిడికాయలు. పండ్లు విమానంలో తీసుకెళ్తే అవతల ఇబ్బంది పెడతారేమోనని చెబితే, వాటిని మాత్రం దారిలోనే తిని ముగించారు సారు.

కడప నుంచి చెన్నైకి పగటి ప్రయాణం. నందలూరు దగ్గర చెయ్యేరును దాటుతున్నప్పుడు మాట్లాడుతున్న సారు ఆపేసి కిటికీలోంచి చూశారు. ఆరు నెలల కిందటే, 2021 నవంబరులో, పైనున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఆ ఒడ్డున ఊళ్లే కొట్టుకుపోయాయి. ఎప్పుడూ నీటికి ముఖం వాచే సీమలో వరదకు మనుషులు పోవడం... ఏటి నిండా ఇసుక, ఇళ్ల మొండిగోడలు. రాజంపేట దాటేదాకా మా ఇద్దరికీ మాటల్లేవు.

అప్పటికింకా కరోనా నిబంధనలు పూర్తిగా పోలేదు. టీకా సర్టిఫికెట్టు, పది వేల డాలర్ల ఆరోగ్య బీమా చూపించి ‘థాయ్‌లాండ్ పాస్’ అనే అనుమతి తీసుకోవాలి. అదంతా ముగించుకుని చెన్నైలో విమానం ఎక్కితే మూడున్నర గంటల్లో బ్యాంకాక్. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. విమానాశ్రయం పేరు సువర్ణభూమి. అక్కడివాళ్లు చేతులు జోడించి ‘సవస్దీ’ అంటారు, మన ‘స్వస్తి’కి చుట్టమే ఆ మాట. సారు వెంటనే రెండు చేతులూ జోడించి ‘‘స్వస్తి’’ అనేశారు. ఉన్నన్ని రోజులూ ఆ ఒక్క మాటతో ఆయన బ్యాంకాక్‌ను నెట్టుకొచ్చారు.

ఎండ గురించి ఒక మాట. మే నెలలో కర్నూల్లో నలభై రెండు డిగ్రీలకు అలవాటుపడ్డవాళ్లం, బ్యాంకాక్ ముప్పై అయిదు మమ్మల్నేం చేస్తుందనుకున్నాం. చేసింది. మాది నిప్పుల మీద కాల్చే ఎండ, వాళ్లది కుండలో పెట్టి ఉడికించే ఎండ. పది అడుగులు వేస్తే చొక్కా వీపుకు అతుక్కుపోతుంది.

పోటీలు జరిగే ఇంపాక్ట్ ఎరీనా నగరానికి ఉత్తరాన, నోంతబురి పక్క, మువాంగ్ థాంగ్ థానీ అనే చోట ఉంది. అప్పట్లో అక్కడిదాకా రైలు లేదు. టాక్సీయే దిక్కు. నోంతబురి దురియన్ పండ్లకు పేరుమోసిన ప్రాంతం. పనసకు తమ్ముడిలా ఉండే ఆ పండు వాసన టాక్సీలో కూర్చున్నా వదల్లేదు. వాళ్ల మామిడిపండు మాత్రం తినాల్సిందే. కొబ్బరిపాలలో ఉడికించిన జిగురు అన్నంతో కలిపి పెడతారు. ‘‘బాగుంది. అయితే బేనిషా కాదు’’ అన్నారు సారు. బనగానపల్లె వాళ్లు వింటే సంతోషిస్తారు.

ఎంత ఎత్తుకు పోతుందో!

లోపల అడుగుపెట్టగానే సారు చేసిన మొదటి పని తల పైకెత్తడం. చలిపెట్టే ఏసీ, చీకటి గ్యాలరీలు, మధ్యలో దీపాల కింద పచ్చటి కోర్టులు. ఒక ఆటగాడు వెనక గీత దగ్గర్నుంచి షటిల్‌ను పైకి లేపాడు. టీవీలో అది పైఅంచు దాటి మాయమై మళ్లీ దిగుతుంది. ఇక్కడ దాని మొత్తం ప్రయాణం కనిపిస్తుంది. పైకి వెళ్లి, ఒక క్షణం ఆగినట్టే ఆగి, తల కిందికి తిప్పుకుని నిట్టనిలువునా దిగుతుంది. సారు నోరు తెరుచుకుని అదే చూస్తుండిపోయారు. ఎవరికి పాయింటు వచ్చిందో ఆయనకు పట్టలేదు.

ఇంకో విశేషం ఆయనే కనిపెట్టారు. ఆట మొదలయ్యే ముందు షటిళ్లను పరీక్షిస్తారు. వెనక గీత మీద నిలబడి కింది నుంచి గట్టిగా కొడితే, అది అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. మరీ ముందు పడితే నిదానం షటిల్, దాటిపోతే వేగం షటిల్. వేడి గాలిలో షటిల్ జోరుగా పోతుంది, చల్లటి గాలిలో నెమ్మదిస్తుంది. అందుకే ఊరినిబట్టి, రుతువునుబట్టి వేర్వేరు వేగాల డబ్బాలు వాడతారు. పైగా అంత పెద్ద హాల్లో ఏసీ గాలి ఒక పక్కకు తోస్తుంటుంది. గాలి వెనకున్న వైపు ఆడేవాడు కొట్టింది గీత దాటుతుంది, ఎదురుగాలి వైపువాడిది పొట్టిగా పడుతుంది. గేము గేముకూ వైపులు మారేది, మూడో గేములో పదకొండు దగ్గర మళ్లీ మారేది ఆ లెక్క సరిచేయడానికి కూడా.

‘‘అంటే ఈడ కూడా గాలేనా!’’ అన్నారు సారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఎంత తృప్తి! ముప్పై ఏళ్లు తనను ఓడించిన గాలి, ఇంత పెద్ద హాల్లో ప్రపంచ ఛాంపియన్లను కూడా సతాయిస్తోందని తెలిస్తే ఎవరికైనా కాస్త ఊరటే. ఇంకో విషయం ఆయన్ను బాధపెట్టింది. కాస్త ఈక చెదిరితే చాలు, షటిల్ మార్చేస్తున్నారు. మా బడిలో ఒక షటిల్ వారం రోజులు ఆడేది.

మేం వెళ్లిన రోజు, మే 11న, లీగ్ దశ చివరి పోరులో మనవాళ్లు చైనీస్ తైపీ చేతిలో 2-3తో ఓడారు. అంతకుముందు జర్మనీని, కెనడాను 5-0తో ఓడించి ఉన్నారు కాబట్టి క్వార్టర్స్ బెర్తుకు ఢోకా లేదు. అయినా నేను లోలోపల శనివారం టికెట్టును తడుముకుని ‘మంచి పనే చేశాం’ అనుకున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే గానీ నిజం చెప్పాలి కదా. అభిమాని అన్నవాడు ఓటమికి ముందే సిద్ధపడి ఉంటాడు, గెలుపు ఖర్చు మాత్రం లెక్కలో వేసుకోడు.

గురువారం మలేషియాతో క్వార్టర్‌ఫైనల్. మొదటి సింగిల్స్‌లో లక్ష్య సేన్ ఓడాడు. అమలాపురం అబ్బాయి రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్, ముంబయి వాడు చిరాగ్ శెట్టి కలిసి డబుల్స్ గెలిచారు. శ్రీకాంత్ గెలిచాడు. రెండో డబుల్స్‌కు దిగింది ఇద్దరూ తెలుగువాళ్లే, గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాళ్లు. ఓడిపోయారు. 2-2. చివరి మ్యాచ్‌లో కేరళ ఆటగాడు హెచ్.ఎస్.ప్రణయ్ గెలిచి జట్టును ఒడ్డున పడేశాడు.

శుక్రవారం డెన్మార్క్‌తో సెమీఫైనల్. అచ్చం అదే వరస! లక్ష్య సేన్‌ను విక్టర్ అక్సెల్సెన్ ఓడించాడు. సాత్విక్ జోడీ మూడో గేమును 22-20తో లాక్కుంది. శ్రీకాంత్ గెలుపు. మళ్లీ కృష్ణప్రసాద్, విష్ణువర్ధన్ ఓటమి. వాళ్లిద్దరూ తల దించుకుని కోర్టు దాటుతుంటే చప్పట్లు కొట్టినవాళ్లలో మా సారు ఒకరు. లేచి నిలబడి మరీ కొట్టారు. ‘‘ఓడినారు కదా సార్’’ అన్నాను. ‘‘వాళ్లు ఆడబట్టే కదరా అయిదోవాడి దాకా వచ్చింది’’ అన్నారు ఆయన.

అయిదోవాడు మళ్లీ ప్రణయ్. మొదటి గేములోనే కాలు జారి మడమ మెలికపడింది. పడిపోయినవాడు లేవడానికి తంటాలుపడుతుంటే స్టేడియమంతా నిశ్శబ్దం. వైద్యసాయం తీసుకుని, నొప్పితోనే ఆడాడు. మొదటి గేము 13-21తో పోయింది. ఆ తర్వాత 21-9, 21-12! రాస్మస్ గెమ్కెకు ఏమీ తోచలేదు. మా ముందు వరసలో సింగపూర్ నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబం. ‘‘కొట్టు... కొట్టెయ్’’ అని వాళ్ల పాప అరిచిన అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

థామస్ కప్‌లో భారత్ ఫైనల్‌కు చేరడం అదే మొట్టమొదటిసారి. ఆదివారం ఫైనల్. మాకేమో శనివారం విమానం!

పిన్నీసు తీసిన రాత్రి

హోటలు గదికొచ్చి ఫోనులో టికెట్లు మార్చడానికి కూర్చున్నాను. ఇద్దరికీ కలిపి అడిగిన మొత్తం, కొత్తగా రెండు టికెట్లు కొన్నంత ఉంది. నా కొడుకు కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల. ‘‘ఫైనల్ టీవీలో చూద్దాం లెండి సార్, ఇంటికెళ్లి’’ అనబోయి ఆగాను. ఆయన 2009లో నాతో అన్న మాట అదే.

సారు మాట్లాడకుండా లోపలి బనియను జేబుకు పెట్టుకున్న పిన్నీసు తీశారు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయిదొందల నోట్లు. ‘‘పింఛను డబ్బులురా. ఏమైనా జబ్బు చేస్తే శవాన్ని మోసుకురాను నీకు ఖర్చు కాకూడదని తెచ్చినా. జబ్బు చేయలేదు కదా’’ అన్నారు. నేను వద్దన్నాను, ఆయన వినలేదు. చివరికి సగం సగం అని ఒప్పందం. ఫైనల్‌కు వెనక వరసల్లోనే టికెట్లు దొరికాయి. ఎత్తు బాగా కనిపిస్తుంది లెమ్మని సారే సర్దిచెప్పారు.

శనివారం ఆయనకు ఒక్కపొద్దు. ఉదయం సిలోం రోడ్డులోని మారియమ్మ గుడికి వెళ్లాం. పందొమ్మిదో శతాబ్దంలో వలసవచ్చిన తమిళులు కట్టుకున్న గుడి. గోపురం చూస్తే మనూరే అనిపిస్తుంది. లోపల మొక్కుతున్నవాళ్లలో ఎక్కువమంది మాత్రం థాయ్‌లు! బంతిపూల దండలు, కొబ్బరికాయలతో వరసల్లో నిలబడ్డారు. సారు ఏం మొక్కుకున్నారో అడగలేదు. సాయంత్రం కడక్ రొట్టె, చెనిక్కాయల పొడితో ఆయన ఒక్కపొద్దు విడిచారు. పెరుగు మాత్రం ఊరంతా తిరిగినా తియ్యనిదే దొరికింది. ఆ ఒక్క ఫిర్యాదు ఆయన ఇప్పటికీ చేస్తారు. హోటలు లాబీలోని టీవీలో మహిళల ఉబెర్ కప్ ఫైనల్. కొరియా 3-2తో చైనాను ఓడించింది.

ఆదివారం

మే 15. అవతల ఇండోనేషియా, అంతకుముందు సారి కప్పు గెలిచిన జట్టు. గ్యాలరీల్లో ఎర్ర చొక్కాల వాళ్లే ఎక్కువ. గాలి నింపిన గొట్టాలు చరుస్తూ, దేశం పేరును ముక్కలు చేసి పాటలా అరుస్తూ, వాళ్ల ఆటగాడు కొట్టే ప్రతి దెబ్బకూ ‘ఏ... ఏ...’ అని అందరూ ఒక్క గొంతుతో కూస్తుంటే కింద ఆడేవాడికి గుండె జారాల్సిందే. మాకు పైనే జారింది.

లక్ష్య సేన్ మొదటి గేమును ఆంథొనీ జింటింగ్‌కు 8-21తో అప్పగించేశాడు. నేను వేసుకున్న లెక్క మళ్లీ గుర్తుకొచ్చింది. ‘‘వైపు మారినాడు కదా, ఇప్పుడు చూడు’’ అన్నారు సారు. గాలి లెక్కో, కుర్రాడి గుండె ధైర్యమో చెప్పలేను. 21-17, 21-16. ఆ టోర్నీ నాకౌట్‌లో మొదటి మ్యాచ్ మనవాళ్లు గెలవడం అదే మొదలు.

తర్వాత సాత్విక్, చిరాగ్. ఎదుట మొహమ్మద్ అహ్సాన్, కెవిన్ సంజయ సుకముల్జో. మొదటి గేము 18-21. రెండో గేములో ఇండోనేషియా జోడీకి నాలుగు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి. నాలుగుసార్లూ మా పక్కనున్న ఇండోనేషియా పెద్దాయన లేచి నిలబడ్డాడు, నాలుగుసార్లూ కూర్చున్నాడు. 23-21. మూడోది 21-19. సాత్విక్ స్మాష్ గురించి టీవీ చూసేవాళ్లకు చెప్పినా అర్థంకాదు. రాకెట్ శబ్దం మాకు చేరేసరికి షటిల్ అవతల నేల మీద ఉండేది. 2023లో ఆ కుర్రాడి స్మాష్‌ను జపాన్‌లో కొలిస్తే గంటకు 565 కిలోమీటర్లు వచ్చి గిన్నిస్ రికార్డుకెక్కింది. అది చదివినప్పుడు మా ఇద్దరికీ పెద్ద ఆశ్చర్యం కలగలేదు.

2-0. శ్రీకాంత్ కోర్టులోకి వచ్చాడు. జొనాథన్ క్రిస్టీతో మొదటి గేము 21-15. రెండోది ఇరవై దాటి సాగింది. సారు నా ముంజేయి పట్టుకున్నారు. ఎంత గట్టిగానంటే, బడిలో తప్పు చేసి దొరికిపోయినప్పటి పట్టు అది. 23-21! చివరి షటిల్ అవతల నేలను తాకిందో లేదో, మన బెంచీ మొత్తం కోర్టులోకి ఉరికింది. 3-0. నాలుగో మ్యాచ్, అయిదో మ్యాచ్ ఆడే పనే పడలేదు. ఆ కప్పు మీద ఆరో దేశం పేరు చేరింది.

నేను ఏడుస్తున్నానో అరుస్తున్నానో తెలియని స్థితి. సారు మాత్రం వేలు చూపిస్తూ ఏదో లెక్కపెడుతున్నారు. ‘‘ఆ కప్పు చుట్టూ ఉండే పిల్లోళ్లు పదిమంది. ఈ పొద్దు రాకెట్ పట్టినోళ్లు ఎంతమందిరా?’’

నేనూ లెక్కపెట్టాను. లక్ష్య, సాత్విక్, చిరాగ్, శ్రీకాంత్. నలుగురు. మిగతా ఆరుగురు ఆడలేదు. రెండు రాత్రులు జట్టును మోసిన ప్రణయ్ ఆ రోజు కూర్చునే ఉన్నాడు. రెండు నాకౌట్‌లలోనూ ఓడిన కృష్ణప్రసాద్, విష్ణువర్ధన్ కూడా అందరితోపాటు పతకం వేసుకుని గెంతుతున్నారు.

‘‘ఆ పొద్దు జమ్మలమడుగులో ఫోటో తీసేటప్పుడు నువ్వు యాడికి పోయినావురా?’’ ఉన్నట్టుండి అడిగారు సారు.

ఆయనకు గుర్తుంటుందని నేను అనుకోలేదు. ‘‘నీళ్లు తాగేదానికి పోయినా సార్’’ అన్నాను.

‘‘నీ కోసం ఫోటోగ్రాఫర్‌ను అర్ధగంట ఆపినా. ముప్పై ఆరేళ్లు తాగినావు బో నీళ్లు!’’ అని మళ్లీ కోర్టు వైపు తిరిగారు.

వెళ్లాలనుకునేవాళ్లకు

చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా. థామస్, ఉబెర్ కప్ పోటీలు రెండేళ్లకోసారి వస్తాయి, వేదిక మారుతుంటుంది. అన్నాళ్లు ఆగలేకపోతే కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్‌లలో ఏటా పెద్ద టోర్నీలు జరుగుతాయి. చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల నుంచి ఇవన్నీ నాలుగు గంటల దూరమే. ఫైనల్ రోజు కంటే మొదటి రెండు రోజులు చూడటం మేలని నా అనుభవం. టికెట్టు చవక, ఒకేసారి మూడు నాలుగు కోర్టుల్లో ఆట, ఇష్టమైన ఆటగాడు పదడుగుల దూరంలో బ్యాగు మోసుకుంటూ కనిపిస్తాడు. హాల్లో ఏసీ చలికి పెద్దవాళ్లకు శాలువా తప్పనిసరి. ఇక తిరుగు టికెట్టు సంగతి... అది మీ ఇష్టం.

సోమవారం తిరుగు ప్రయాణం. సువర్ణభూమిలో తనిఖీలు దాటగానే క్షీరసాగర మథనం శిల్పం కనిపిస్తుంది. నిలువెత్తు దేవతలు, రాక్షసులు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. సారు దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఏ పక్క ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి వచ్చారు. రెండు పక్కలా సరిగ్గా ఉన్నారో లేదో చెప్పలేదు గానీ, రాక్షసుల పక్క నిలబడినవాళ్ల కాళ్ల పొజిషన్ బాగుందన్నారు.

చెన్నైలో బస్సెక్కి, రైల్వే కోడూరు దాటేసరికి తెల్లవారింది. సారు ఫోను మోగడం మొదలైంది. పాత విద్యార్థులు ఎవరెవరో... అనంతపురం నుంచి ఒకడు, గల్ఫ్ నుంచి ఒకడు. ‘‘చూసినారంట కదా సార్, ఫైనల్ ఎట్ల జరిగింది?’’ అని. బస్సులో అందరికీ వినబడేంత గొంతుతో సారు చెప్పడం మొదలుపెట్టారు.

‘‘చెప్తా విను. ముందు బుధవారం తైపీ వాళ్ల చేతిలో ఓడినాం...’’